ఎనిమిది మడతల గుడ్డ

కత్తెరమ్మ అనేది ఆమె అసలు పేరు కాదు. ఇరవై రెండేళ్లుగా ఆ వీధిలో గుడ్డ కత్తిరించేది ఆమే కాబట్టి వీధి వీధంతా కలిసి ఆ పేరు ఖాయం చేసేసింది. ఆమె కూడా కాదనలేదు. చేతిలో పొద్దస్తమానం కత్తెర ఉన్న మనిషిని కత్తెరమ్మ అనక గరిటెమ్మ అంటారా?

కొట్టు చిన్నదే. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, ఒక బల్ల, ఒక నిలువుటద్దం. వెనక గదుల్లో కాపురం. రెండింటికీ మధ్య ఓ పూల కర్టెన్. కాపురమంటే ముగ్గురే. కత్తెరమ్మ, బస్సు డ్రైవరుగా పనిచేసే ఆమె మొగుడు, ఆ మొగుడి అక్కగారు. ఈ అక్కగారిని కత్తెరమ్మ వదినా అంటుంది కాబట్టి కొట్టుకొచ్చేవాళ్లందరికీ ఆవిడ వదినే అయిపోయింది. తాతయ్యలు కూడా వదినా అనే పిలుస్తారు, ఆవిడ కూడా పలుకుతుంది.

కత్తిరించడం మరదలి పని, కుట్టడం వదిన పని. వదినది గట్టి చెయ్యి. లోకమంతా బొత్తానికి నాలుగుసార్లు దారం తిప్పితే ఆవిడ ఎనిమిదిసార్లు తిప్పుతుంది. చొక్కా చిరిగి చీలికలై నేల తుడిచే గుడ్డగా మారినా దాని బొత్తాలు మాత్రం ఊడవు. ఎందుకు వదినా ఇంత దారం దండగ అంటే, మనం కుట్టింది మనల్ని తిట్టించకూడదు అంటుంది. అక్కడితో ఆ మాట అయిపోయినట్టే.

ఆ కొట్లో ఒక చట్టం ఉంది. కత్తెరమ్మ మెళ్లో వేళ్లాడేది పాత పసుపు టేపు. వాడి వాడి సాగిపోయింది. వదినది తెల్ల టేపు, మొన్న మొన్న కొన్నది. రెండూ పక్కపక్కన పెడితే ఒక చెయ్యి పొడవుకి అరంగుళం తేడా వస్తుంది. పాతది పారెయ్యొచ్చు కదా అని మీరనొచ్చు, డ్రైవరు కూడా వందసార్లు అన్నాడు. ఇరవై రెండేళ్లు చేతిలో ఆడిన టేపుని పారెయ్యమనడానికి మొగుడికి నోరెలా వచ్చిందో అని కత్తెరమ్మ వందసార్లూ బాధపడింది. అందుకని చట్టం పెట్టుకున్నారు. ఏ టేపుతో కొలిచారో ఆ టేపుతోనే కత్తిరించాలి. కొలతల పుస్తకంలో ప్రతి కొలత పక్కనా ఒక చుక్క ఉంటుంది, పసుపుదో నల్లదో. పసుపు చుక్కంటే కత్తెరమ్మ టేపు, నల్ల చుక్కంటే వదినది. పెట్టుకున్న దగ్గర్నుంచీ ఈ చట్టం తప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారి గురించే ఈ కథ.

ఊరందరి నడుములూ కొలిచే మనిషి తన నడుం మాత్రం పట్టించుకోలేదు. ఏడాదిగా పొత్తికడుపు బరువుగా ఉంటే గ్యాసు అనుకుంది. లంగా నడుం బిగుసుకుంటే విప్పి వదులు చేసుకుంది, నాలుగు నెలలకి మళ్లీ వదులు చేసుకుంది. అదే ఇంకొకరి నడుం అయితే ఏమ్మా ఏమైనా విశేషమా అని అడిగి ఉండేది. చివరికి ఒకరోజు నొప్పికి బల్ల మీదే వాలిపోతే వదిన రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లింది. స్కానింగులో తేలింది, ఎడమ అండాశయంలో బత్తాయి పండంత గడ్డ. కడుపు పెద్దగా కోయకుండా మూడు చిన్న గాట్లు పెట్టి, గడ్డతో పాటు ఆ అండాశయాన్ని కూడా తీసేశారు. ముక్క పరీక్షకి వెళ్లింది. అందులో చెడ్డదేమీ లేదని కాగితం వచ్చేదాకా డ్రైవరు బస్సు నడుపుతూ ఎన్ని స్టాపులు దాటేశాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికి పంపే రోజు వార్డు నర్సమ్మ వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. నిలబడి గబగబా వల్లించి పోయే రకం కాదు. వారం రెండు వారాలు కొద్దిగా రక్తం కనబడుతుంది, అది మామూలే అంది. రాను రాను తగ్గాలి, ఎరుపు పోయి గోధుమ రంగులోకి దిగాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎర్రగా ఎక్కువైతే మాత్రం ఊరుకోకూడదు. జ్వరం, చెడు వాసన, పెద్ద పెద్ద గడ్డలుగా పడటం, కళ్లు తిరగడం, రోజురోజుకీ పెరిగే నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఫోను చెయ్యాలి. అన్నీ చెప్పి చివర్న కత్తెరమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

"గంటకో ప్యాడు తడిసిపోయి, అలా వరుసగా రెండు గంటలైతే ఇక చూడకండి. పగలైనా రాత్రైనా వచ్చెయ్యండి."

కత్తెరమ్మ కొలతల పుస్తకం తెప్పించుకుని అందులోనే రాసుకుంది. మిగతావి కూడా రాసింది గానీ, ఆమె బుర్రలో నాటుకుపోయింది మాత్రం ఈ ఆఖరిదే. ఎందుకంటే అది అంకె. కళ్లు తిరగడం, నొప్పి పెరగడం అంటే ఎవరు కొలుస్తారు? గంటకి ఒకటి అంటే కొలత. కొలత చెప్తే కత్తెరమ్మకి ప్రాణం కుదుటపడుతుంది.

ఇంటికొచ్చేసరికి వదిన మంచం మీద ఒక దొంతర పేర్చి పెట్టింది. అరిగి మెత్తబడిన నూలు దుప్పటిని ఉతికి, ఎండేసి, ఇస్త్రీ చేసి, ఎనిమిది మడతలు పెట్టి, మధ్యలో టవలు గుడ్డ దూర్చి, చుట్టూ రెండు వరసల కుట్టేసి పన్నెండు గుడ్డ ప్యాడ్లు తయారు చేసింది. అంచులకి వెనక్కి తిప్పి కుట్టిన పట్టీ కూడా ఉంది, గాట్ల దగ్గర ఒరుసుకోకుండా. కొన్నవి గరుకుగా ఉంటాయి, నీ ఒంటికి పడవు అంది. మళ్లీ మిషను దగ్గరికెళ్లి కూచుంది. కత్తెరమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చెంపకి ఆనించుకుంది. కన్నతల్లి కూడా ఇంత ఓపికగా కుట్టి ఉండదనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆస్పత్రి వాళ్లిచ్చిన ప్యాకెట్టు బీరువా అడుక్కి పోయింది.

ఆ తర్వాత వారం రోజులూ ఆమె జీవితంలో ఎన్నడూ ఎరగని సుఖం పడింది. నిజం చెప్పుకోవాలి కదా. పెళ్లైన దగ్గర్నుంచి పగటిపూట పడుకున్నది లేదు. ఇప్పుడు పొద్దున్నే డ్రైవరు పాలు కాచి తెస్తాడు, కొంచెం పొంగించి తెస్తాడనుకోండి, అయినా తెస్తాడు. వదిన గుడ్లు ఉడకబెట్టి వలిచి పెడుతుంది. మధ్యాహ్నం పూల కర్టెన్ మీద ఎండ పడి గదంతా గులాబీ రంగు అవుతుంది. అవతల మిషను టకటకలాడుతుంటే ఆ చప్పుడుని బట్టి వదిన చెయ్యి కుడుతోందో, కాలరు తిప్పుతోందో చెప్పెయ్యగలదు. రోజూ పదడుగులు, ఇరవై అడుగులు నడిచింది. బరువెత్తమని ఎవరూ అడగలేదు, అడిగితే వదిన ఊరుకోదు కూడా. రక్తం నర్సమ్మ చెప్పినట్టే రోజురోజుకీ తగ్గి, ఎనిమిదో రోజుకి గోధుమ రంగు చారలా మిగిలింది. ఇంత సుఖానికి ఒక గడ్డ ఇచ్చుకోవాల్సి వచ్చిందా అని మొగుడితో పరాచికాలాడింది.

తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి ఎర్రగా కనబడింది.

ఉలిక్కిపడింది, అబద్ధం ఎందుకు? కానీ వెంటనే పుస్తకం తీసింది. గంటకి ఒకటి, వరుసగా రెండు గంటలు. గడియారం చూసుకుంది. ఆరింటికి మార్చుకున్నది తొమ్మిదిన్నరకి గానీ నిండలేదు. మూడున్నర గంటలు! గంటెక్కడ, మూడున్నర గంటలెక్కడ? కొలతకి ఇంకా బోలెడు దూరంలో ఉన్నాం అనుకుని ఊపిరి పీల్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే డ్రైవరు డ్యూటీ మానేసి కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు, వదిన మిషను మూసేస్తుంది. ఏడాదంతా కడుపునొప్పిని గ్యాసని సర్దిచెప్పుకున్న మనిషి, ఈ అలవాటు ఒక్క ఆపరేషనుతో పోతుందా? తగ్గి మళ్లీ ఎక్కువైతే ఊరుకోవద్దన్న మాట కూడా అదే పేజీలో పైన ఉంది. కన్ను దాని మీద ఆగలేదు.

రెండోది ఒంటిగంటకి నిండింది. మళ్లీ మూడున్నర గంటలు. లేచి బాత్రూముకి వెళ్తుంటే గోడ కాస్త పక్కకి జరిగినట్టయింది. పొద్దుట సరిగ్గా తినలేదు కదా అనుకుంది. ఉతకడానికి నానేసిన గుడ్డ ఎత్తి పిండబోతే బరువుకి చెయ్యి లాగింది. తడిసిన టవలు బరువుండదా ఏంటి అనుకుంది. అనుకుంటే దేనికైనా సమాధానం దొరుకుతుంది. ఒంట్లోంచి ప్రాణం కొద్దికొద్దిగా జారిపోతుంటే మన కత్తెరమ్మ గడియారం చూసుకుని నిశ్చింతగా పడుకుంది.

మూడింటికి కొట్లో గొడవ మొదలైంది. వచ్చింది స్కూలు టీచరమ్మ, లెక్కలు చెప్పేది. కొత్త కోటు తొడుక్కుని చేతులు ముందుకి చాపి నిలబడింది. కోటు చేతులు రెండూ మణికట్టు పైకే ఆగిపోయాయి. అరంగుళం అంటే అరంగుళం తక్కువ. నేను పిల్లలకి కొలతలు నేర్పే దాన్ని, నాకే కొలత తప్పిస్తారా అంది టీచరమ్మ. వదినకి ఒళ్లు మండింది. నా తెల్ల టేపుతో రెండుసార్లు చూసుకుని మరీ కత్తిరించాను, పుస్తకంలో ఎంతుందో సరిగ్గా అంతే ఉంది, మీ చేతులే పెరిగాయేమో అనేసింది. యాభై ఏళ్ల మనిషికి చేతులు పెరుగుతాయా అని టీచరమ్మ. మరదలు మంచాన పడ్డాక కత్తిరింపు కూడా వదినే చేస్తోంది, అదీ సంగతి.

కర్టెన్ ఇవతల పడుకున్న కత్తెరమ్మకి నవ్వాగలేదు. ఆ కోటు కొలతలు ఆపరేషనుకి ముందు తనే తీసింది. పడుకునే గొంతు పెంచింది.

"వదినా, పక్కన చుక్క చూడు. పసుపు. అది నా టేపుతో కొలిచింది. నీ టేపుతో కత్తిరిస్తే తక్కువ రాక ఏమవుతుంది?"

అవతల పేజీలు తిప్పుతున్న చప్పుడు. వదిన పుస్తకం తీసి చూసుకుంటోంది కాబోలు. కత్తెరమ్మ నవ్వుతూనే పక్కకి తిరిగింది. తిరిగేసరికి కళ్ల ముందు స్టూలు మీద దొంతరగా గుడ్డ ప్యాడ్లున్నాయి. ఎనిమిది మడతలు, మధ్యలో టవలు.

నవ్వు ఉన్నపళంగా ఆగిపోయింది.

నర్సమ్మ గంటకొకటి అన్నది ఏ ప్యాడు చూసి? వార్డులో వాళ్లిచ్చే పల్చటి ప్యాడుని చూసి. తను పొద్దుట్నుంచీ లెక్కపెడుతున్నది వేటిని? వదిన గట్టి చేతి గుడ్డల్ని. అవతల గదిలో వదిన చేసిందీ, ఇవతల గదిలో తను చేసిందీ ఒకే తప్పు. కోటు అయితే అరంగుళంతో పోయింది. కత్తెరమ్మకి భయం వేసింది, ఆపరేషను బల్ల మీద కూడా వెయ్యనంత భయం.

ఫోను అందుకుని వార్డుకి చేసింది. అదృష్టం బాగుండి ఆ నర్సమ్మే ఎత్తింది. మళ్లీ ఎర్రగా కనబడుతోందని చెప్తే, ఎన్ని గంటలకోసారి మారుస్తున్నారు అని అడిగింది. మూడున్నర గంటలకోసారి అంది కత్తెరమ్మ. ఆవిడ అయితే సాయంత్రంలోపు ఒకసారి వచ్చి చూపించుకోండి అనబోతుంటే ఆపి, నా ప్యాడు మీ ప్యాడు కాదు సిస్టర్, ఎనిమిది మడతల దుప్పటి, మధ్యలో టవలు అని చెప్పింది. కళ్లు తిరుగుతున్నాయా అంది నర్సమ్మ. గోడ జరిగింది అని ఒప్పుకుంది కత్తెరమ్మ.

"ఇంక ఏమీ లెక్కపెట్టకండి. ఒంటరిగా రావద్దు, ఎవర్నైనా వెంటబెట్టుకుని ఇప్పుడే బయల్దేరండి."

వదిన కర్టెన్ తోసుకుని వచ్చి మరదలి మొహం చూసింది. ఎంత తెల్లగా ఉందో అప్పుడు గానీ ఆవిడకి కనబడలేదు. బీరువా అడుగున ఉన్న ఆస్పత్రి ప్యాకెట్టు తీసి ఒకటి మార్పించింది. టాక్సీ కోసం బయటికి పరిగెత్తబోతే, అప్పటిదాకా యుద్ధం చేసిన టీచరమ్మ అడ్డంపడి, నా కారు మీ గుమ్మంలోనే ఉంది, ఎక్కించండి అంది. పొట్టి చేతుల కోటుతోనే స్టీరింగు పట్టుకుంది. దారిలో డ్రైవరుకి ఫోను చేసిందీ ఆవిడే. కత్తెరమ్మని వెనక సీట్లో తన ఒళ్లో తల పెట్టించుకుని పడుకోబెట్టింది వదిన.

ఆస్పత్రి గుమ్మానికి చేరడానికి అరగంట పట్టింది. ఆ అరగంటకే పల్చటి ప్యాడు నిండి బట్టలకి దిగింది. ఇక ఎవరూ ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

స్కానింగు చేశారు. లోపల కుట్లు బాగానే ఉన్నాయి, కడుపులో రక్తం చేరలేదు. ఒక అండాశయం తీసేసేసరికి ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా తగ్గి గర్భసంచి ఇలా వరద పెట్టిందని డాక్టరమ్మ చెప్పింది. రక్తం పదకొండు నుంచి ఎనిమిదికి పడిపోయింది. సూది మందు వేశారు, సెలైన్ ఎక్కించారు, మాత్రలిచ్చారు. చీకటిపడే వేళకి జోరు తగ్గింది. బస్సు డిపోలో అప్పజెప్పి యూనిఫాంతోనే పరిగెత్తుకొచ్చిన డ్రైవరు, పెళ్లాం కాళ్ల దగ్గర కూచుని దుప్పటి సర్దిందే సర్దుతున్నాడు. డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ, ఇవాళ మీ కాళ్ల మీద మీరు వచ్చారు, రేపటిదాకా ఆగితే మోసుకొచ్చేవాళ్లు అంది. తిట్టినట్టు లేదు, అలాగని మెచ్చుకున్నట్టూ లేదు.

మర్నాడు నర్సమ్మ ఆ గుడ్డ ప్యాడు చూపించమని అడిగింది. సంచిలో ఉతికింది ఒకటుంది. చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇది ప్యాడా పరుపా అంది. కత్తెరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, గాట్లు లాగినా నవ్వింది. నర్సమ్మ మాత్రం నవ్వు ఆపి కాసేపు ఆలోచించింది. పదహారేళ్లుగా గంటకొకటి, గంటకొకటి అని చెప్తున్నాను, ఏ ప్యాడు అని ఒక్కరినీ అడగలేదు అంది. దీన్ని నేను ఉంచుకోవచ్చా అని అడిగింది. ఇక మీద ఇంటికి పంపేటప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తానంది.

వదిన ఇవేమీ విననట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది. డ్రైవరు టీ తేవడానికి వెళ్లాక కత్తెరమ్మ పిలిచింది, ఇలా వచ్చి కూచోమంది. వదిన వచ్చి కూచుంది. మొహం ఎత్తలేదు.

"నిన్ను సుఖంగా ఉంచుదామని కుట్టాను. నా చేత్తోనే నీ ప్రాణం మీదికి తెచ్చాను."

కత్తెరమ్మ ఆవిడ చెయ్యి తీసుకుంది. వేలి చివర సూది పోట్లు గరుకుగా తగిలాయి. ఈ మనిషి మీద తనకి ఎంత ప్రేమ ఉందో ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ చెప్పలేదని గుర్తొచ్చింది. ఇప్పుడూ ఎలా చెప్పాలో తెలియలేదు, అందుకని కొట్టు భాషలోనే చెప్పింది.

"కుట్టులో తప్పు లేదు వదినా. చుక్క పెట్టుకోనిది నేను. మన కొట్లో ఏ టేపో చూసుకోని వాళ్లదేగా తప్పు."

వదిన మొహం ఎత్తింది. ఆ తర్వాత, అయితే కోటు తప్పు నాది అంది. నీదే అంది కత్తెరమ్మ. చేతులకి కఫ్‌లు వేసి ఇద్దామనుకుంటున్నాను, డబ్బులడగకుండా, అంది వదిన. ఆ కోటుతోనే ఆవిడ మనల్ని తీసుకొచ్చింది, బొత్తాలు కూడా కొత్తవి వెయ్యి అంది కత్తెరమ్మ. ఇద్దరికీ మనసు తేలికపడింది.

మూడో రోజు ఇంటికొచ్చారు. పూల కర్టెన్ మీద ఎండ అలాగే పడుతోంది. డ్రైవరు పాలు పెట్టాడు, యథాప్రకారం పొంగించాడు. కత్తెరమ్మ పడుకుని చుట్టూ చూస్తే స్టూలు మీద గుడ్డ ప్యాడ్లు లేవు. పోనీలే, బాధపడి పారేసి ఉంటుంది అనుకుంది. కాస్త వెలితిగా అనిపించింది కూడా.

వంటింట్లో ఏవో గ్లాసుల చప్పుడు. నీళ్లు పోస్తున్న చప్పుడు. వదిన ఏం చేస్తోందని డ్రైవరుని అడిగితే, ఆస్పత్రి ప్యాడు మీద ఒకసారి, తన ప్యాడు మీద ఒకసారి గ్లాసుతో కొలిచి నీళ్లు పోస్తోంది, అడిగితే కసురుతోంది అన్నాడు. ఆ తర్వాత మిషను చప్పుడు. చిన్న చిన్న కుట్లు, ఆగి ఆగి. ఇరవై రెండేళ్లుగా ఆ చప్పుళ్లు విన్న కత్తెరమ్మకి అది చెయ్యో కాలరో బొత్తాం కాజానో పోల్చుకోవడం రాలేదు.

సాయంత్రానికి వదిన వచ్చి దొంతర మళ్లీ స్టూలు మీద పెట్టింది. ఒకటి నర్సమ్మ దగ్గర ఉండిపోయింది కాబట్టి పదకొండు. మడతలు అన్నే ఉన్నాయి, టవలు అలాగే ఉంది, ఒక్క దారం కూడా విప్పలేదు. కానీ ప్రతి దాని మూలలోనూ, చొక్కాకి సైజు కుట్టే చోట, ఎర్ర దారంతో ఒక అంకె కుట్టి ఉంది.

నాలుగు.

"ఇది ఒకటి నిండితే వాళ్లవి నాలుగు నిండినట్టు," అంది వదిన. "మూడుసార్లు కొలిచాను."

కత్తెరమ్మ ఒకటి తీసి ఆ అంకె మీద బొటనవేలు ఆడించింది. దారం గట్టిగా ఉంది. నాలుగుసార్లు తిప్పాల్సిన చోట ఎనిమిదిసార్లు తిప్పి కుట్టింది.